పాపాయి, పిల్లి, పాత కాగితం: చేయి తిరగని వాళ్లు గీసిన బొమ్మల్ని ఎలా చూడాలి, ఎలా కాపాడుకోవాలి

నా దగ్గర ఒక చిన్న పెన్సిల్ బొమ్మ ఉంది. అరచేతి కన్నా కాస్త పెద్దది. అందులో ఐదారేళ్ల పాప పిల్లిని ఎత్తుకుని నిలబడి ఉంటుంది. పాప ముఖం కోడిగుడ్డులా ఉంటుంది. రెండు కళ్లూ ఒకే వరసలో లేవు. గౌను కింద నుంచి కాళ్లు రెండు పుల్లల్లా దిగుతాయి. ఇక పిల్లి సంగతికొస్తే, ముందు కాళ్ల కింద పాప చేతులు బిగుసుకుని ఉంటాయి, మిగతా ఒళ్లంతా పిండని తడిబట్టలా కిందికి వేలాడుతుంది, వెనక కాళ్లు పాప మోకాళ్ల దాకా వస్తాయి. చెవులు వెనక్కి వాలి ఉన్నాయి. విసుగ్గా ఉంది పాపం, అయినా గీరడం లేదు.

చిన్నపిల్లలు పిల్లిని ఎత్తుకోవడం చూసిన ఎవరైనా ఈ బొమ్మ ముందు ఒక్క నిమిషం ఆగిపోతారు. గీసిన మనిషికి ముక్కు ఎక్కడ పెట్టాలో తెలియదు కానీ ఆ పిల్లి బరువు తెలుసు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇళ్లలో, ఎవరికీ అమ్మాలని కాకుండా గీసుకున్న ఇలాంటి బొమ్మలు పాత ఆల్బముల్లో, వేలాల్లో, పాత సామాన్ల అంగళ్లలో ఇప్పటికీ దొరుకుతాయి. చాలామంది వాటిని 'సరిగ్గా రాలేదు' అని పక్కన పెట్టేస్తారు. అలా పక్కన పెట్టకుండా వాటిని ఎలా చదవాలో, ఏ కాలానివో ఎలా కనిపెట్టాలో, చేతికొస్తే పాడవకుండా ఎలా ఉంచుకోవాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ముందు జంతువును చూడండి

మన కన్ను సహజంగా పిల్లల ముఖం మీదికి వెళ్తుంది. దాన్ని కాసేపు ఆపండి. కుక్కనో, పిల్లినో, కుందేలునో ముందు చూడండి. ముఖం దగ్గరికి తర్వాత రావచ్చు.

ఎందుకంటే, గీసిన మనిషి టెన్షన్ పడిన చోటు ముఖమే. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి బ్రిటన్‌లోనూ యూరప్‌లో చాలాచోట్లా కలిగిన ఇళ్ల ఆడపిల్లలకు సంగీతంతో పాటు బొమ్మలు గీయడం కూడా నేర్పించేవారు. ఇంటికి డ్రాయింగ్ మాస్టారు వచ్చేవాడు. నేర్పే పద్ధతి ఎక్కువగా చూసి గీయించడమే. జాన్ సెల్ కాట్మన్ అనే ఆంగ్ల చిత్రకారుడైతే నార్విచ్‌లో చందా కట్టినవాళ్లకు తన బొమ్మల్ని, గ్రంథాలయంలో పుస్తకాలిచ్చినట్టు, ఇంటికి అరువిచ్చేవాడు. వాళ్లు చూసి గీసుకుని తిరిగిచ్చేయాలి. అలా నేర్చిన చేతికి ముఖం అంటే ఒక మూస. చిన్న నోరు, పెద్ద కళ్లు, పక్కకు వాలిన మెడ. సొంత చెల్లెల్ని గీసినా ఆ మూసే వచ్చి కూర్చుంటుంది.

ఇంట్లో కుక్కకు అలాంటి మూస ఉండదు. దాన్ని కళ్లతో చూసే గీయాలి. అందుకే అదే కాగితం మీద చెల్లెలు అచ్చు పుస్తకంలో బొమ్మలా ఉంటుంది, కుక్క మాత్రం కుక్కలానే ఉంటుంది. ఒక చెవి మడిచి, ఒక కాలు చాచి, కడుపు నేలకు ఆనించి. పడుకున్న జంతువులు బాగా కుదిరాయంటే అదేమీ మహిమ కాదు, అవి కదలకుండా ఉన్నాయి కాబట్టే. నిలబడిన కుక్క కాళ్లు తేడాగా రావడానికీ కారణం అదే. పూర్తయ్యేలోపు అది వెళ్లిపోయి ఉంటుంది, మిగతాది గుర్తుండి గీసినది.

చేయి తిరిగిన వాళ్లకు కూడా ఈ కష్టం తప్పలేదు. థామస్ గెయిన్స్‌బరో 1760 ప్రాంతంలో తన ఇద్దరు కూతుళ్లనూ పిల్లితో కలిపి చిత్రించడం మొదలుపెట్టాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆ చిత్రం అసంపూర్తిగా మిగిలిపోయింది. అమ్మాయిల ముఖాలు ప్రాణం పోసుకుని ఉంటాయి. పిల్లి మాత్రం కొన్ని గీతలుగానే ఉంది, వెతికితే గానీ కనపడదు.

ఇంకో తేడా కూడా గమనించండి. వృత్తి చిత్రకారుల చిత్రాల్లో జంతువుకు తరచుగా ఏదో ఒక పని అప్పజెప్తారు. 1742లో హోగార్త్ వేసిన గ్రాహమ్ పిల్లల చిత్రంలో పిల్లి పంజరంలోని పిట్టను కళ్లప్పగించి చూస్తుంటుంది. గోయా 1780ల చివర్లో వేసిన చిన్న మాన్యుయెల్ చిత్రంలో పిల్లాడు తాడు కట్టిన మాగ్‌పై పిట్టను పట్టుకుని ఉంటే మూడు పిల్లులు దానిమీదే చూపు నిలిపి ఉంటాయి. చూసేవాళ్లకు బాల్యం ఎంత సుకుమారమైందో, ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో గుర్తు చేయడానికే ఆ పిల్లులు అక్కడున్నాయి. ఇంట్లో గీసుకున్న బొమ్మలో పిల్లికి అలాంటి పనేమీ ఉండదు. ఉంది కాబట్టి ఉంది. నాకు ఈ బొమ్మలంటే ఇంత ఇష్టం కలగడానికి ముఖ్య కారణం ఇదే.

భూతద్దం పట్టుకుని గీతల వెంట వెళ్లండి

పదింతలు పెద్దగా చూపించే మామూలు భూతద్దం చాలు. ఒక టార్చిలైటు కూడా పక్కన పెట్టుకోండి. గదిలో దీపం తగ్గించి, టార్చిని కాగితం అంచు దగ్గర దాదాపు నేలబారుగా పట్టుకుని వెలుగు పక్కనుంచి పడేలా చూడండి. పెన్సిల్ నొక్కిన చోట్ల గాట్లు, చెరిపిన చోట్ల లేచిన కాగితం నూగు, మడతల గుర్తులు అన్నీ పైకి తేలతాయి. టార్చి వేడెక్కేది కాకూడదు. రెండు నిమిషాల కన్నా ఎక్కువసేపు వేయకండి.

ఇప్పుడు మూడు చోట్ల ఆగండి.

మొదటిది చేతులు. వేళ్లు గీయడం అందరికీ కష్టం. చేయి తిరగని వాళ్లకు జంతువు బొచ్చు దేవుడిచ్చిన వరం. పాప చేయి కుక్క మెడలోకి దూరిపోతుంది, కుందేలు కడుపు కిందికి వెళ్లిపోతుంది, అరచేయి కనపడదు. దాచడానికే అలా చేసి ఉండొచ్చు, కానీ ఫలితం చూడండి: పిల్ల చేయి నిజంగానే బొచ్చులో మునిగి వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది.

రెండోది చెరిపిన చోట్లు. పెన్సిల్ గీతల్ని రబ్బరు ముక్క చెరిపేస్తుందని 1770లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త రాశాడు. అంతకుముందు రొట్టె మెత్తని ముక్కతో చెరిపేవారు, తర్వాత కూడా చాలాకాలం రెండూ వాడారు. చెరిపినా గీత పూర్తిగా పోదు. ఏ చోట ఎక్కువసార్లు చెరిపారో చూస్తే వాళ్లకు ఏది సరిగ్గా రావాలని పట్టుదల ఉందో తెలుస్తుంది. తోకను నాలుగుసార్లు చెరిపి ఐదోసారి గీసిన మనిషి మీద నాకు చాలా గౌరవం.

మూడోది కొలతలు. కుక్క పాప కన్నా పెద్దదిగా ఉందా? కాళ్లు నేలకు ఆనకుండా గాలిలో ఉన్నాయా? కొన్నిసార్లు జంతువును తర్వాత విడిగా చేర్చి ఉంటారు. గీతల నలుపు వేరుగా ఉంటే, పెన్సిల్ మొన సన్నబడితే అది పసిగట్టవచ్చు. కొన్నిసార్లు చేయి కూడా వేరే: పాపను అక్క గీస్తే, పిల్లిని పాపే గీసుకుని ఉండొచ్చు. కచ్చితంగా చెప్పలేకపోయినా ఈ అనుమానం ఉంచుకుని చూడటం మంచిది, బొమ్మలో ఉన్న ఇద్దరు మనుషులు కనపడటం మొదలవుతుంది.

చేతిబొమ్మా, అచ్చుబొమ్మా తేల్చుకోండి

ఇది తొందరగా అయిపోయే పని, కానీ మానేయకూడదు. భూతద్దంలో చుక్కల వరసలు ఒక క్రమంలో కనపడితే అది హాఫ్‌టోన్ అచ్చు, పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగానిదో ఆ తర్వాతదో. రాతి అచ్చు అంటే లితోగ్రాఫ్ అయితే గీత గరుకుగా సుద్దతో గీసినట్టే ఉండి మోసపుచ్చుతుంది. అయితే కాగితం మీద ఎక్కడా నొక్కు ఉండదు, పెన్సిల్‌కి ఉండే వెండి మెరుపు ఉండదు. అచ్చుబొమ్మ మీద చేత్తో రంగులు వేసినవీ బోలెడు ఉన్నాయి. రంగు చెయ్యిదే, గీత అచ్చుది.

చేతిబొమ్మే అయినా అది ఇంటి కుక్కా, ఎవరి చిత్రం నుంచో చూసి గీసిన కుక్కా అన్న ప్రశ్న మిగులుతుంది. ఎడ్విన్ లాండ్సీర్ కుక్కల చిత్రాల అచ్చు ప్రతులు ఆ రోజుల్లో ఇంటింటికీ చేరాయి, వాటిని చూసి గీసినవాళ్లకు లెక్కలేదు. చూసి గీసిన కుక్క మరీ ఉదాత్తంగా ఉంటుంది. ఇంటి కుక్కకు ఏదో ఒక ప్రత్యేకత దొరుకుతుంది: ఒక కన్ను చుట్టూ మచ్చ, చినిగిన చెవి, పట్టీకి వేలాడే గంట, మరీ పొట్టి తోక. చూసి గీసినంత మాత్రాన దాన్ని తీసిపారేయమని నేను అనను. కాకపోతే తెలిసి ఇష్టపడటం వేరు కదా.

కాలం కనిపెట్టడం

ఇక్కడ కాస్త ఓపిక కావాలి. మీకు దొరికే ప్రతి ఆధారమూ 'దీనికి ముందు కాదు' అని మాత్రమే చెబుతుంది. పాత కాగితం మీద ఎవరైనా తర్వాత గీయొచ్చు కాబట్టి ఒక్క ఆధారం పట్టుకుని తీర్పు చెప్పకండి. కాగితం, సామగ్రి, బట్టలు, జంతువు నాలుగూ ఒకే మాట చెప్పేదాకా ఆగండి.

కాగితంతో మొదలుపెట్టండి. వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకోండి. దగ్గర దగ్గరగా సన్నటి గీతలు, వాటికి అడ్డంగా దూరం దూరంగా మరికొన్ని గీతలు కనిపిస్తే అది లెయిడ్ కాగితం. ఏ గీతలూ లేకుండా నున్నగా ఒకేలా ఉంటే వోవ్ కాగితం. వోవ్ కాగితం ఇంగ్లండ్‌లో 1750ల్లో జేమ్స్ వాట్‌మన్ చేతుల మీదుగా వచ్చింది, గీయడానికి, నీటిరంగులకు అనువుగా ఉండటంతో వాట్‌మన్ పేరు చిత్రకారుల్లో స్థిరపడిపోయింది. వెలుతురులో వాటర్‌మార్క్ కనిపిస్తే మీ అదృష్టం. అందులో సంవత్సరం కూడా ఉండొచ్చు. ఎందుకంటే ఎగుమతి చేసే కాగితం మీద పన్ను వాపసు కావాలంటే వాటర్‌మార్క్‌లో సంవత్సరం ఉండాలని 1794లో బ్రిటన్‌లో చట్టం చేశారు. అప్పటినుంచి చాలా మిల్లులు సంవత్సరం వేయడం మొదలుపెట్టాయి. '1826' అని ఉంటే బొమ్మ అంతకుముందుది అయ్యే వీల్లేదు. తర్వాత ఎన్నాళ్లకు గీశారన్నది కాగితం చెప్పదు.

అప్పట్లో కాగితం పాత నార బట్టలు, నూలు పేలికల నుంచి చేసేవారు. అందుకే రెండు వందల ఏళ్ల కాగితం ఇప్పటికీ మెత్తగా, గట్టిగా ఉంటుంది. కలప గుజ్జుతో కాగితం చేసే పద్ధతి 1840ల్లో మొదలై తర్వాతి దశాబ్దాల్లో పాకింది. కలపలోని లిగ్నిన్ అనే పదార్థం వల్ల, కాగితంలో కలిపే పటిక వల్ల అది పసుపుపచ్చబడి, అంచులు పెళుసుగా విరుగుతాయి. కాబట్టి ఎక్కువ పాడైనదే ఎక్కువ పాతదని అనుకోకండి. చాలాసార్లు విషయం తలకిందులుగా ఉంటుంది.

అతినీలలోహిత టార్చి ఒకటి దొరికితే ఇంకో పరీక్ష చేయొచ్చు. చీకట్లో వేసినప్పుడు కాగితం నీలితెలుపుగా మిలమిలా మెరిస్తే అందులో తెల్లదనం పెంచే రసాయనాలు ఉన్నట్టు. అవి కాగితాల్లోకి వచ్చింది సుమారు 1950 తర్వాతే. విక్టోరియా కాలం నాటిదని చెప్పి మీకు చూపించిన బొమ్మ అలా మెరిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి.

పెన్సిల్ సంగతి కొంచెమే. గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి కాల్చే పద్ధతికి ఫ్రాన్స్‌లో నికోలా జాక్ కోంటే 1795లో పేటెంట్ తీసుకున్నాడు. గట్టి, మెత్తన రకాలు ఆ తర్వాతే సులువయ్యాయి. ఊదారంగు తేలిన పెన్సిల్ గీత కనిపిస్తే అది 1870ల నుంచి వచ్చిన కాపీయింగ్ పెన్సిల్ కావచ్చు. దానిమీద తడి చేయి అస్సలు వేయకండి, రంగు ఊరిపోతుంది. గోధుమరంగుకి తిరిగిన ఇంకు చాలావరకు ఇనుప లవణాలతో, మాచికాయలతో చేసినది. మొదట్లో నల్లగానే ఉండేది. కొన్నిచోట్ల అది కాగితాన్నే తినేస్తుంది.

బట్టలు ఇంకా బాగా మాట్లాడతాయి. పంతొమ్మిదో శతాబ్దపు మొదటి రెండు దశాబ్దాల్లో నడుము గీత రొమ్ము కిందే ఉంటుంది. 1830ల్లో భుజాల దగ్గర చేతులు బుడగల్లా ఉబ్బుతాయి, ఆ దశాబ్దం చివరికి ఆ ఉబ్బు చప్పబడిపోతుంది. గౌను కింద నుంచి లేసు అంచుల పొడవాటి లాగులు కనపడటం శతాబ్దం మొదటి సగంలో మామూలు. పిల్లాడు నావికుడి దుస్తుల్లో ఉంటే 1846 గుర్తుంచుకోండి. ఆ ఏడు వింటర్‌హాల్టర్ అనే చిత్రకారుడు నాలుగేళ్ల వేల్స్ యువరాజును నావికుడి బట్టల్లో చిత్రించాడు. ఆ తర్వాత అది పిల్లల ఫ్యాషన్ అయి, శతాబ్దం చివరిదాకా సాగింది. ఒక జాగ్రత్త: ఎత్తు నడుము గౌన్లు 1880ల్లో మళ్లీ ముచ్చటగా తిరిగొచ్చాయి. అందుకే బట్టల్ని ఒంటరిగా నమ్మకూడదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం, జంతువు. దీన్ని ఎందుకో చాలామంది పట్టించుకోరు. బడ్జెరిగార్ చిలుకల్ని ప్రాణాలతో ఇంగ్లండ్‌కు తెచ్చింది పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్, 1840లో. కాబట్టి పాప వేలి మీద బడ్జీ పిట్ట వాలి ఉంటే ఆ ఇంగ్లిష్ బొమ్మ అంతకుముందుది కాలేదు. పెకినీస్ కుక్కలు బ్రిటన్‌కు చేరింది 1860లో బీజింగ్ వేసవి రాజప్రాసాదాన్ని కొల్లగొట్టిన తర్వాత. పెంపుడు బంగారు చిట్టెలుక, అదే హ్యామ్‌స్టర్, సంగతి మరీ స్పష్టం: ఇప్పుడు ఇళ్లలో ఉన్నవి దాదాపు అన్నీ 1930లో అలెప్పో దగ్గర తవ్వి తీసిన ఒక్క కుటుంబం నుంచి వచ్చినవే. పాత గౌనులోని పాప ఒళ్లో హ్యామ్‌స్టర్ ఉంటే అమ్మేవాడు ఏం చెప్పినా వినకండి. గినీ పిగ్ అయితే భయం లేదు, అది దక్షిణ అమెరికా నుంచి పదహారో శతాబ్దంలోనే యూరప్ చేరింది.

ఫొటో 1839లో వచ్చేసింది కదా, ఇంకా చేత్తో ఎందుకు గీశారని మీకు అనిపించొచ్చు. తొలి ఫొటోలకు చాలా సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. పెద్దవాళ్ల తల కదలకుండా వెనక ఇనుప పట్టీ పెట్టేవారు. మూడేళ్ల పిల్లకూ కుక్కపిల్లకూ అది కుదిరే పనేనా? తోక ఆడితే తోక మాయం. అందుకే కొన్ని దశాబ్దాల పాటు పిల్లల్నీ జంతువుల్నీ కలిపి పట్టుకోవడానికి పెన్సిలే మంచి సాధనంగా మిగిలింది.

ఆ పిల్ల ఎవరో తెలుసుకోవడం

'పిల్ల' అని నేను కావాలనే అంటున్నాను. అప్పట్లో మగపిల్లలకు కూడా నాలుగు నుంచి ఏడేళ్లు వచ్చేదాకా గౌన్లే వేసేవారు. గౌను చూసి అమ్మాయి అనుకోకండి. కొరడా, చక్రం, డోలు లాంటివి చేతిలో ఉంటే అబ్బాయి అయ్యే అవకాశం ఎక్కువ. పాపిడి పక్కకు ఉంటే అబ్బాయి, మధ్యలో ఉంటే అమ్మాయి అన్నది అమెరికా చిత్రాల్లో తరచుగా కనిపించే వాడుక, అయినా కచ్చితమైన నియమం కాదు.

వెనక్కి తిప్పి చూడండి. పేరు, తేదీ ఉంటే ఆ రాత బొమ్మ కాలానిదా, తర్వాతి తరం వాళ్లదా అని ఆలోచించండి. 'మా నాయనమ్మ చిన్నప్పుడు' అని ఉంటే అది కచ్చితంగా తర్వాతి రాతే, అందులో పొరపాటు ఉండొచ్చు. ఫ్రేము వెనక అంటించిన చీటీ ఉంటే అదెంత చిన్నదైనా పారేయొద్దు.

అమ్మేవాళ్లు తరచుగా ఒక విషాద కథ చెబుతారు: ఈ పాప చిన్నప్పుడే పోయింది, ఆ జ్ఞాపకంగా గీశారు అని. పిల్లలు చిన్నతనంలోనే పోవడం ఆ కాలంలో మామూలే కాబట్టి, చనిపోయాక గీసిన బొమ్మలూ నిజంగానే ఉన్నాయి. కానీ రాతపూర్వకంగా ఏదీ లేనప్పుడు ఆ కథను మోయకండి. బతికి, పెరిగి, మనవల్ని ఎత్తుకున్న పాపను మనం అనవసరంగా చంపినట్టవుతుంది.

ఇంకో విషయం చెప్పి ముందుకెళ్తాను. ఔత్సాహికులంటే పేరు లేనివాళ్లే కానక్కర్లేదు. విక్టోరియా రాణి తన పిల్లల్నీ కుక్కల్నీ గీసేది. పెళ్లైన 1840లోనే భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఎచింగ్, అంటే రాగిరేకు మీద గీతల్ని ఆమ్లంతో తొలిపించి అచ్చు తీయడం, నేర్చుకుంది. ఇంటివాళ్ల కోసం, దగ్గరివాళ్ల కోసం చేసుకున్న ఆ బొమ్మల ప్రతులు కొన్ని అచ్చు వేసే చోటు నుంచి బయటికి పొక్కాయి. ఎవరో వాటికి ప్రదర్శన పెట్టబోతూ, కేటలాగు సిద్ధం చేస్తే ఆల్బర్ట్ కోర్టుకెళ్లి ఆపించాడు. 1849 నాటి ఆ తీర్పును వ్యక్తిగత గోప్యత గురించి మాట్లాడే న్యాయవాదులు ఇప్పటికీ ప్రస్తావిస్తారు. నాకు మాత్రం అందులో వేరే సంగతి గుర్తుంటుంది: ఇలాంటి బొమ్మలు నలుగురైదుగురు కళ్ల కోసం గీసినవి. ఇప్పుడు వాటిని చూస్తున్న మనం ఆ ఇంట్లోకి పిలవకుండా వెళ్లినవాళ్లం. చెప్పులు బయట విడిచి వెళ్లినట్టు వెళ్దాం.

కొనాలనుకుంటే

అమ్మేవాళ్లను వెనకవైపు ఫొటో అడగండి. ఫ్రేము నుంచి తీసిన ఫొటో అడగండి. కాగితం అంచులు, మూలలు కనపడేలా ఉండాలి. గాజు వెనక బొమ్మ ఎప్పుడూ ఉన్నదాని కన్నా బాగా కనిపిస్తుంది. గోధుమరంగు మచ్చలు, అంటే ఫాక్సింగ్, అంచుల్లో కొద్దిగా ఉంటే భయపడనక్కర్లేదు. ముఖం మీద ఉంటే ఆలోచించాలి. పాత సెల్లోటేప్ మరక మాత్రం దాదాపు పోనిది.

ఫలానా పెద్ద చిత్రకారుడి చిన్నప్పటి బొమ్మ అనో, ఫలానా జమీందారీ ఇంటిదనో ఆధారం లేకుండా చెప్పే మాటకు డబ్బు ఇవ్వకండి. బొమ్మకే ఇవ్వండి. పేరు తీసేస్తే కూడా మీకు కావాలనిపిస్తుందా అని ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి.

ఆల్బము మొత్తంగా దొరికితే, స్తోమత ఉంటే మొత్తంగానే తీసుకోండి. అదే కుక్క పది పేజీల్లో పిల్లగా మొదలై ముసలిదవుతుంది, అదే చేయి నెమ్మదిగా కుదురుకుంటుంది. లాభం కోసం పేజీలు చింపి విడివిడిగా అమ్మేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఒకసారి విడిపోతే ఆ కుక్క జీవితం మళ్లీ ఒకచోటికి రాదు.

ఇంటికి తెచ్చాక

మొదటి వారం ఏమీ చేయకండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. మొదట్లో నేను ఒక బొమ్మలో పాప కాళ్ల దగ్గర బూడిదరంగు మరక ఉందని మెత్తటి రబ్బరుతో జాగ్రత్తగా తుడిచాను. సగం పోయాక అనుమానం వచ్చి భూతద్దం పెట్టి చూస్తే పొట్టి పొట్టి గీతలు కనిపించాయి. అది మరక కాదు. మొదట గీసి, మనసు మార్చుకుని తేలిగ్గా చెరిపిన రెండో పిల్లిపిల్ల. ఇప్పుడు దానికి వెనక సగమే ఉంది. అప్పటినుంచి పాత కాగితం మీద రబ్బరు ముట్టుకోలేదు. మురికి ఉంటే కాగితాల సంరక్షణ తెలిసిన నిపుణులకు ఇవ్వండి. ఇస్త్రీ చేయడం, తడిగుడ్డతో తుడవడం, మచ్చలకు బ్లీచింగ్ పెట్టడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

పట్టుకునేటప్పుడు చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. నూలు గ్లవ్స్ కాగితానికి మంచివి కావు, వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. రెండు చేతులతో, కింద ఒక గట్టి అట్ట పెట్టి ఎత్తండి.

ఫ్రేము కట్టించేటప్పుడు ఆమ్లం లేని అట్ట కావాలని గట్టిగా చెప్పండి. మామూలు అట్ట నుంచి ఆమ్లం పాకి బొమ్మ చుట్టూ గోధుమరంగు చట్రంలా కాలిన గుర్తు పడుతుంది, పాత ఫ్రేముల్లో మీరు చూసే ఉంటారు. బొమ్మను అట్టకు మొత్తంగా అంటించకూడదు. జపనీస్ కాగితం ముక్కలతో, గోధుమ గంజి జిగురుతో పైఅంచు దగ్గర మాత్రమే తగిలించాలి. ఆ జిగురు అవసరమైనప్పుడు నీటితో ఊడుతుంది. గాజు బొమ్మకు తగలకుండా మధ్యలో ఖాళీ ఉండాలి. సుద్దరంగులతో, బొగ్గుతో గీసినదైతే యాక్రిలిక్ వద్దు, గాజే వాడండి, ప్లాస్టిక్ మీది స్థిరవిద్యుత్తు పొడిని లాగేస్తుంది.

వెలుతురు వల్ల జరిగిన నష్టాన్ని పూడ్చలేం. నీటిరంగులు అన్నిటికన్నా ముందు పోతాయి. పాప బుగ్గల గులాబీరంగు పోయి ముఖం పాలిపోయిన బొమ్మలు ఎన్నో. మ్యూజియంలు ఇలాంటి వాటికి 50 లక్స్ దాటని వెలుతురు ఉంచుతాయి, అంటే మనకు గది మసకగా అనిపించేంత. ఎండ తగిలే గోడ, వంటగది, స్నానాలగది పక్క గోడ వద్దు. గాలిలో తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉంటే మేలు. అంకె కన్నా నిలకడ ముఖ్యం. ఒకేసారి అన్నిటినీ గోడకు తగిలించకుండా మూడు నాలుగు నెలలకు ఒకటి మార్చండి, మిగతావి ఆమ్లం లేని పెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. చుట్టి పెట్టకండి. పురుగుల కోసం ఆరు నెలలకోసారి పెట్టె తెరిచి చూడండి. ఆ వంకతో బొమ్మలూ చూసుకోవచ్చు.

ప్రతి బొమ్మకూ ఒక చీటీ రాసి పెట్టెలో ఉంచండి. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, వెనక ఏం రాసుంది, కాగితం, కొలతలు, మీరు కాలం ఎలా అంచనా వేశారు. మీకు తెలిసినదీ, మీరు ఊహించినదీ వేర్వేరుగా రాయండి.

నేను ఇన్నేళ్లలో చూసిన బొమ్మల్లో పిల్లల పేర్లు కొన్నిటికైనా దొరికాయి. జంతువుల పేర్లు దాదాపు ఎప్పుడూ లేవు. అంత ప్రేమగా గీసి, నాలుగుసార్లు తోక చెరిపి, ఆ పేరు మాత్రం రాయలేదు, ఎందుకంటే చూసేవాళ్లందరికీ అది తెలుసు. మీ ఇంట్లో పిల్లలు ఇప్పుడు కుక్కనో పిల్లినో గీస్తూ ఉంటే, ఈ రోజే ఆ కాగితం వెనక్కి తిప్పండి. కింది అంచు దగ్గర మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా, గీసినవాళ్ల పేరు, వయసు, తేదీ రాయండి. తర్వాత జంతువు పేరు, మీరు ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో సహా.